తరంగం పళ్లెం ఎందుకు విరగదు? ఇత్తడి, కంచు, కళాయి వెనక ఉన్న లోహ బంధం కథ

కూచిపూడి నాట్యంలో చూసేవాళ్లు ఊపిరి బిగబట్టే ఘట్టం తరంగం. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద రెండు పాదాలూ ఆనించి నిలబడుతుంది. కొన్నిసార్లు తల మీద నీళ్ల చెంబు కూడా ఉంటుంది. తాళం వేగం పెరిగేకొద్దీ పళ్లెం ముందుకి, వెనక్కి, పక్కకి కదులుతుంది. చెంబులో నీళ్లు తొణకవు. చప్పట్లన్నీ నర్తకికే, అది న్యాయమే. కానీ ఆ యాభై అరవై కిలోల బరువుని సన్నటి అంచు మీద మోస్తూ, గంటల తరబడి సాధనలో నేలకేసి దెబ్బలు తింటూ విరక్కుండా ఉన్న పళ్లెం సంగతేంటి? అదే పళ్లెం పింగాణీదైతే? మొదటి అడుగుకే ముక్కలు.

ఇత్తడి వంగుతుంది, పింగాణీ పగులుతుంది. ఈ తేడా ఎందుకో తెలియడం పరీక్ష మార్కులకే కాదు, ఇంట్లో వంట గిన్నెకి కళాయి పెట్టించేటప్పుడు కూడా పనికొస్తుంది. ఆ తేడాకి పేరు లోహ బంధం.

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని ఈ ఊరికి ముస్లిం పాలకులతోనూ పాత బంధం ఉంది. గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా ఇటు పర్యటనకి వచ్చినప్పుడు ఇక్కడి భాగవతుల ప్రదర్శన చూసి, 1678 ప్రాంతంలో ఊరిని వాళ్లకి అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడి చరిత్రలో చెప్పుకుంటారు. ఈ పళ్లెం కథలోనూ అలాగే రెండు వర్గాల చేతిపని కలిసింది. ఇత్తడి, కంచు పాత్రలు చేసింది కంచరి కులవృత్తివాళ్లు. వీధి వీధీ తిరిగి వాటికి కళాయి పోసినవాళ్లలో చాలామంది ముస్లింలు.

పరమాణువుల బైతుల్‌మాల్

ప్రతి పదార్థం పరమాణువులతో తయారైనదే. పరమాణువు మధ్యలో ధనావేశం ఉన్న కేంద్రకం, చుట్టూ రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్లు. పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది అప్పు లాంటిది. ఒకరు ఎలక్ట్రాన్ ఇచ్చేస్తారు, ఇంకొకరు తీసుకుంటారు. ఇచ్చినవాడు ధనావేశం, తీసుకున్నవాడు రుణావేశం. ఆ రెండూ ఆకర్షించుకుంటాయి. మనం తినే ఉప్పు ఇదే పద్ధతి. సోడియం ఇస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది. దీన్ని అయానిక బంధం అంటారు.

రెండోది ఇద్దరి పొత్తు వ్యాపారం లాంటిది. రెండు పరమాణువులు చెరో ఎలక్ట్రాన్ పెట్టి ఇద్దరూ వాడుకుంటారు. మూడోవాడికి అందులో వాటా లేదు. ఇది సమయోజనీయ బంధం. వజ్రంలో కార్బన్ పరమాణువులు ఇలాగే కట్టుబడి ఉంటాయి.

మూడోది లోహాల పద్ధతి. ఇది ఊరి బైతుల్‌మాల్ లాంటిది. ఊళ్లో ప్రతి ఇల్లూ తన వాటా తెచ్చి ఉమ్మడి నిధిలో వేస్తుంది. వేశాక ఏ రూపాయి ఎవరిదో గుర్తుండదు, అవసరం కూడా లేదు. నిధి అందరిదీ. రాగి పరమాణువు తన బయటి ఎలక్ట్రాన్ ఒకటి ఇలా ఉమ్మడిలో వదిలేస్తుంది. జింక్ రెండు వదులుతుంది. అల్యూమినియం మూడు. ఇచ్చాక మిగిలిన ధన అయాన్లు సంతలో పేర్చిన బత్తాయిల్లా వరసలు వరసలుగా కూర్చుంటాయి. ఉమ్మడి ఎలక్ట్రాన్లు వాటి మధ్య ఎటు పడితే అటు తిరుగుతుంటాయి. ఆ రుణావేశపు సముద్రమే ధన అయాన్లన్నిటినీ కలిపి ఉంచే బంధం.

ఎంత పెద్ద ఊరో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. గ్రాము రాగిలో దాదాపు తొమ్మిదిన్నర కోట్ల కోట్ల కోట్ల పరమాణువులుంటాయి. సుమారు అన్ని ఎలక్ట్రాన్లూ ఉమ్మడి నిధిలోనే.

ఈ ఆలోచన వచ్చి మరీ ఎక్కువ కాలం కాలేదు. ఎలక్ట్రాన్‌ని జె.జె. థామ్సన్ గుర్తించింది 1897లో. మూడేళ్లకే, 1900లో, జర్మనీ శాస్త్రవేత్త పాల్ డ్రూడ్ లోహంలో ఎలక్ట్రాన్లు గ్యాస్ లాగా స్వేచ్ఛగా తిరుగుతాయని చెప్పాడు. అందులో కొన్ని లెక్కలు కుదరలేదు. 1927-28 నాటికి సోమర్‌ఫెల్డ్, ఫెలిక్స్ బ్లాక్ క్వాంటం సూత్రాలతో వాటిని సరిచేశారు. బైతుల్‌మాల్ పోలిక పోలికే, ఎలక్ట్రాన్లకి దానధర్మాలు తెలియవు. ఉమ్మడిగా పరుచుకుంటే వాటి శక్తి తగ్గుతుంది, అందుకే అలా ఉంటాయి. అయినా లోహాల గుణాలు చాలావరకు ఈ ఒక్క పోలికతో అర్థమవుతాయి.

ఉప్పు ఎందుకు పగులుతుంది, ఇత్తడి ఎందుకు వంగుతుంది

చినగంజాం కల్లుప్పు గడ్డ ఒకటి తీసుకుని సుత్తితో కొడితే పొడి పొడి అవుతుంది. కారణం, అందులో అప్పు ఇచ్చినవాడి పక్కన తీసుకున్నవాడు, మళ్లీ ఇచ్చినవాడు, ఇలా ఒకటి విడిచి ఒకటిగా అమరిక ఉంటుంది. సుత్తి దెబ్బకి ఒక వరస ఒక్క స్థానం జరిగిందంటే ధనం ఎదురుగా ధనం, రుణం ఎదురుగా రుణం వచ్చేస్తాయి. ఒకే ఆవేశం ఉన్నవి వికర్షించుకుంటాయి. గడ్డ అక్కడే చీలిపోతుంది.

ఇత్తడి పళ్లేన్ని కొట్టినా వరసలు జరుగుతాయి. కానీ జరిగిన చోట కూడా అదే ఎలక్ట్రాన్ సముద్రం ఉంది. ఒక కుటుంబం ఈ వీధి ఖాళీ చేసి పక్క వీధిలో దిగితే ఊరి నిధిలో దాని హక్కు పోదు కదా. అలాగే ఏ అయాన్ ఎక్కడికి జరిగినా పట్టు తప్పదు. అందుకే లోహం విరక్కుండా ఆకారం మార్చుకుంటుంది. స్కూలు పుస్తకాల్లో రేకుగా సాగే ఈ గుణాన్ని స్తరణీయత అని, తీగగా సాగే గుణాన్ని తాంతవత అని చదువుకున్నది ఇదే.

ఈ గుణం ఎంతదూరం పోతుందో చూడాలంటే హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల వరఖ్ కొట్టేవాళ్ల పని గుర్తు చేసుకోవాలి. వెండి ముక్కల్ని పొరల మధ్య పెట్టి గంటల కొద్దీ సుత్తితో కొడితే, ఊదితే ఎగిరిపోయేంత పల్చటి రేకు వస్తుంది. మిఠాయి మీద మెరిసేది అదే. బంగారం ఇంకా మెత్తన. ఒక్క గ్రాము బంగారాన్ని దాదాపు ఒక చదరపు మీటరు రేకుగా కొట్టవచ్చు, రెండు కిలోమీటర్లకి పైగా తీగగా లాగవచ్చు.

కృష్ణా జిల్లాలో ఈ గుణం మీదే బతుకుతున్న ఊరు మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి. లోపల రాగి లాంటి చవక లోహం, పైన బంగారం పల్చటి పొర. ఇదే చిలకలపూడి రోల్డ్ గోల్డ్. బంగారం అంత పల్చగా పరుచుకోగలదు కాబట్టే ఈ వ్యాపారం ఉంది. పొర అరిగినప్పుడు చర్మం మీద కనపడే పచ్చటి మరక బంగారానిది కాదు. చెమటతో కలిసిన రాగిది. బంగారం తన ఎలక్ట్రాన్లని గాలికి, చెమటకి అంత తేలిగ్గా వదులుకోదు. రాగి వదులుతుంది.

వంచిన కొద్దీ గట్టిపడుతుంది

లోహంలో ఒక వరస మొత్తం ఒకేసారి జరగదు. అలా జరగాలంటే చాలా బలం కావాలి. అసలు జరిగేది వేరని 1934లో టేలర్, ఒరోవన్, పొలాని అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా వివరించారు. పెద్ద జంపఖానాని ఒక్కసారిగా లాగడం కష్టం. ఒక చివర చిన్న మడత లేపి, ఆ మడతని రెండో చివరికి తోసుకుంటూ పోతే జంపఖానా తేలిగ్గా జరుగుతుంది. లోహంలోనూ వరసలు సరిగ్గా కుదరని చోట్లు ఇలాంటి మడతల్లా ఉంటాయి. వీటిని డిస్‌లొకేషన్లు అంటారు. దెబ్బ పడినప్పుడు కదిలేవి ఇవే.

దెబ్బలు ఎక్కువైతే మడతలూ పెరుగుతాయి, ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఇక కదల్లేవు. అప్పుడు లోహం గట్టిపడుతుంది, దాంతోపాటే పెళుసుగానూ అవుతుంది. ఇనప తీగని అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కున తెగేది ఇందుకే.

పాత్రలు చేసే కంచరికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. కొంతసేపు కొట్టాక రేకుని ఎర్రగా కాల్చి చల్లారుస్తాడు. వేడికి పరమాణువులు మళ్లీ కొత్తగా, చిక్కులు లేకుండా సర్దుకుంటాయి. రేకు మెత్తబడుతుంది. మళ్లీ కొడతాడు.

నాట్యం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఇక్కడొక విషయం గమనించాలి. పళ్లెం అంచు సొట్టపోయిన ప్రతిసారీ కాల్చకుండా సుత్తితో కొట్టి సరిచేయిస్తుంటే ఆ చోట ఇత్తడి పెళుసెక్కుతుంది. ఒకనాడు సన్నటి చీలిక వస్తుంది. చీలిక ఉన్న అంచు అరికాలిని కోస్తుంది. అంచు మీద వేలితో నెమ్మదిగా తడిమితే గీర తెలుస్తుంది. తెలిస్తే ఆ పళ్లేన్ని పక్కన పెట్టేయాలి.

ఇత్తడికి ఇంకో శత్రువు ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో సైన్యం ఇత్తడి తూటా తొడుగుల్ని వానాకాలం గుర్రపుశాలల్లో దాచేది. సీజను అయ్యేసరికి వాటికి చీలికలు వచ్చేవి. దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు కూడా పెట్టారు. కారణాన్ని 1921లో తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, కొట్టి తయారుచేసిన ఇత్తడి లోపల మిగిలిపోయిన ఒత్తిడి, ఈ రెండూ కలిస్తే ఇత్తడి చీలుతుంది. కాబట్టి పళ్లేన్ని పశువుల కొట్టంలో పెట్టడం, అమ్మోనియా ఉన్న క్లీనింగ్ లిక్విడ్‌తో తోమడం మంచిది కాదు. చింతపండుతో తోమి, కడిగి, పొడిగా తుడిస్తే చాలు. చింతపండులోని పులుపు పైన పట్టిన నల్లటి పొరని కరిగిస్తుంది.

ఇత్తడి పళ్లెం, కంచు తాళం

స్వచ్ఛమైన రాగితో పళ్లెం చేస్తే నర్తకి బరువుకి అంచు త్వరగా వంగిపోతుంది. అందుకే రాగిలో జింక్ కలుపుతారు. అదే ఇత్తడి. సాధారణంగా మూడింట రెండొంతుల రాగి, ఒక వంతు జింక్, కొంచెం అటూ ఇటూగా. జింక్ పరమాణువు రాగి కంటే కాస్త పెద్దది. ఒకే సైజు బత్తాయిల వరసలో అక్కడక్కడ పెద్దవి ఇరికించినట్టు, అవి మడతల కదలికకి అడ్డుపడతాయి. లోహం గట్టిపడుతుంది. తేడా చిన్నదే కాబట్టి వంగే గుణం పోదు. బంగారంలో రాగి, వెండి కలిపి 22 క్యారెట్ చేసేదీ ఇదే లెక్క. అందులో 91.6 శాతం బంగారం. ఆ మిగతా కలపకపోతే గాజు నాలుగు రోజుల్లో సొట్టపోతుంది.

గురువు చేతిలో మోగే కంచు తాళం కథ వేరు. కంచు అంటే రాగి, తగరం. గంటలకి వాడే కంచులో తగరం దాదాపు 22 శాతం. తగరం పరమాణువు రాగి కంటే బాగా పెద్దది. రాగి ఒక హద్దు వరకే దాన్ని తనలో ఇముడ్చుకోగలదు. హద్దు దాటితే వేరే రకం గట్టి స్ఫటికాలు తయారవుతాయి. వాటిల్లో మడతలు కదలడం చాలా కష్టం.

శబ్దం రహస్యం ఇక్కడే ఉంది. లోహాన్ని మోగిస్తే అది కంపిస్తుంది. లోపల మడతలు తేలిగ్గా కదిలితే కంపన శక్తి అక్కడే ఖర్చయిపోతుంది, మోత చటుక్కున ఆగిపోతుంది. మడతలు కదలకపోతే శక్తి లోపల పోదు, చాలాసేపు మోగుతుంది. కంచు ఖంగుమంటుంది, మెత్తటి బంగారం మోగదు. వేమన పద్యం చిన్నప్పుడు బట్టీపట్టినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, కారణం మాత్రమే ఇప్పుడు తెలిసేది. అయితే ఆ మోతకి కంచు చెల్లించే ధర కూడా ఉంది. గచ్చు మీద పడితే ఇత్తడి పళ్లెం సొట్టపోతుంది, కంచు తాళం పగిలిపోవచ్చు.

రాగి దేగ్‌లో దావత్ వంట

ఉమ్మడి ఎలక్ట్రాన్లు కరెంటునీ మోస్తాయి, వేడినీ మోస్తాయి. స్విచ్ వేయగానే బల్బు వెలిగినా, తీగలో ఎలక్ట్రాన్లు ముందుకి జరిగే వేగం సెకనుకి మిల్లీమీటరు కూడా ఉండదు. పైపు నిండా నీళ్లున్నప్పుడు ఈ చివర తిప్పగానే ఆ చివర నీళ్లు పడినట్టు, కదలిక ఒకేసారి అంతటా మొదలవుతుంది.

వేడి విషయంలో రాగి స్టెయిన్‌లెస్ స్టీలు కంటే దాదాపు 25 రెట్లు మెరుగు. దావత్‌లో బిర్యానీకి పాతకాలం వాళ్లు రాగి దేగ్ వాడింది గొప్ప కోసం కాదు. నిప్పు ఒక చోట ఎక్కువైనా వేడి అంతటా సర్దుకుంటుంది, అడుగంటదు. ఇత్తడిలో ఈ గుణం తగ్గుతుంది, ఎందుకంటే వరసల మధ్య ఇరికిన జింక్ ఎలక్ట్రాన్ల దారికీ అడ్డమే. ఇత్తడి రాగి కంటే వేడిని మూడు నాలుగు రెట్లు తక్కువ మోస్తుంది. అయినా స్టీలు కంటే చాలా నయం.

కళాయి: 232 డిగ్రీల లెక్క

రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుసు, పెరుగు, నిమ్మకాయ పడిన వంట పెడితే రాగి కరిగి తిండిలోకి దిగుతుంది. మోతాదు పెరిగితే వాంతులు, కడుపునొప్పి. అందుకే లోపల తగరం పూత పోస్తారు. తెలుగులో కళాయి, ఉర్దూలో ఖలయీ. అరబ్బీలో తగరానికి ఉన్న పాత పేర్లలో ఒకదాని నుంచి వచ్చిన మాట ఇది.

లోహ బంధం అన్ని లోహాల్లో ఒకే బలంగా ఉండదు. ఎన్ని ఎలక్ట్రాన్లు ఉమ్మడిలోకి వచ్చాయి, అయాన్లు ఎంత చిన్నవి, ఎంత దగ్గరగా సర్దుకున్నాయి అనేదాన్ని బట్టి పట్టు మారుతుంది. బల్బు తీగలోని టంగ్‌స్టన్ కరగాలంటే 3422 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఇనుముకి 1538, రాగికి 1085. తగరం పరమాణువులు పెద్దవి, దట్టంగా సర్దుకోవు, అందుకే 232 డిగ్రీలకే కరుగుతుంది. పాదరసం అయితే మన ఇంటి వేడికే ద్రవం.

కళాయి పని మొత్తం రాగి, తగరం కరిగే వేడిల మధ్య ఉన్న ఈ తేడా మీదే నడుస్తుంది. గిన్నెని తోమి, నిప్పుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లుతారు. తెల్లటి పొగ లేస్తుంది. ఆ వేడికి నవాసాగరం విడిపోయి, రాగి మీద పట్టిన ఆక్సైడ్ పొరని తీసేస్తుంది. ఆ పొర ఉంటే లోహానికి లోహం తగలదు. వెంటనే తగరం కడ్డీ రుద్దుతారు, దూదితో తిప్పుతూ తుడుస్తారు. తగరం రంగు వేసినట్టు పైపైన అంటుకోదు. హద్దు దగ్గర రాగితో కలిసి సన్నటి కొత్త పొర అవుతుంది. రెండు ఉమ్మడి నిధులు అక్కడ ఒకటైనట్టే. అందుకే మంచి కళాయి గోటితో గీకితే ఊడదు.

ఇంట్లో ఆడవాళ్లు చెప్పే జాగ్రత్త ఒకటుంది: కళాయి గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. లెక్క అదే 232. నీళ్లున్నంతసేపు గిన్నె వేడి నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఖాళీ గిన్నె గ్యాస్ మంట మీద నిమిషాల్లో 232 దాటేస్తుంది, పూత కరిగి ముద్దలు కడుతుంది.

అసలు ప్రమాదం సీసం దగ్గర ఉంది. సీసం తగరం కంటే చాలా చవక. పైగా రెండూ కలిపితే కరిగే వేడి ఇంకా తగ్గి 183 డిగ్రీల వరకు దిగుతుంది, పని తేలిక. చూడటానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. కానీ సీసం విషం, ముఖ్యంగా పిల్లల మెదడుకి. హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే కళాయి పెట్టించేటప్పుడు రెండు రూపాయలు ఎక్కువైనా అసలు తగరమే అడగాలి, కడ్డీ చూపించమనాలి. పాత పనివాళ్లకి ఒక గుర్తు తెలుసు. స్వచ్ఛమైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే చిటచిట చప్పుడు వస్తుంది. లోపల స్ఫటికాలు ఒక్కసారిగా పక్కకి తిరగడం వల్ల వచ్చే చప్పుడది. సీసం కడ్డీ మౌనంగా వంగుతుంది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, కొద్దిగా కల్తీ ఉంటే పట్టుబడకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న అడిగే కస్టమర్ ముందు కల్తీ చేయడానికి ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

చేతికి తెలిసిన శాస్త్రం

ఖుర్ఆన్‌లో 57వ సూరా పేరే అల్ హదీద్, అంటే ఇనుము. 34వ సూరా సబాలో దావూద్ అలైహిస్సలాం కోసం ఇనుముని మెత్తగా చేయడం, సులైమాన్ అలైహిస్సలాం కోసం కరిగిన రాగి ఊటని ప్రవహింపజేయడం ప్రస్తావనకి వస్తాయి. లోహం మెత్తబడటం, కరగడం మనిషికి ఎంత పెద్ద వరమో ఆ రెండు ప్రస్తావనల్లోనే ఉంది.

స్టీలు, నాన్‌స్టిక్ వచ్చాక కళాయి కేక వీధుల్లో తగ్గిపోయింది. ఇత్తడి, రాగి గిన్నెలు మళ్లీ ఫ్యాషన్‌గా ఇళ్లలోకి వస్తున్నాయి గానీ, వాటికి పూత పోసే చేతులు అంత తేలిగ్గా దొరకడం లేదు. పూత అరిగిన గిన్నెలో పులుసు కాచడం కంటే అల్మారాలో అలంకారంగా పెట్టుకోవడమే నయం.

ఈసారి తరంగం చూసేటప్పుడు ఒక్కసారి పళ్లెం అంచు వైపు కూడా చూడండి. నర్తకి బరువు పడిన ప్రతిసారీ అంచు కంటికి కనపడనంతగా వంగి మళ్లీ లేస్తుంది. లోపల కోట్ల కోట్ల పరమాణువులు తలా కాస్త ఇచ్చిన ఉమ్మడి నిధే ఆమెని మోస్తోంది.